ఆడేవాళ్లున్నారు, పూలేవి?

విద్యార్థి సంఘం కార్యదర్శి వచ్చి "మేడమ్, సావనీరుకు ఏదన్నా రాసివ్వాలి" అంటే మామూలుగా అయితే మొక్కల మీద రెండు పేజీలు రాసిచ్చి ఊరుకునేదాన్నే. వృక్షశాస్త్రం చెప్పుకునేదాన్ని గదా! కాని ఆ అబ్బాయి మాటల మధ్య ఇంకో సంగతి చెప్పాడు. వచ్చే వార్షికోత్సవానికి జీవవైవిధ్యం మీద ఒక నృత్యరూపకం వెయ్యాలని అనుకుంటున్నారట. నెమలి వస్తుంది, పులి వస్తుంది, పచ్చచీరల్లో చెట్లు వస్తాయి, ఆఖర్న గొడ్డలి పట్టుకుని మనిషి వస్తాడు. నలభై నిమిషాల కార్యక్రమం. "మీ అభిప్రాయం ఏమిటి?" అని అడిగాడు. అడిగినవాణ్ణి నిరాశపరచటం ఎందుకని ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కనుమరుగవుతున్న ప్రాణుల గురించి జనానికి చెప్పటానికి నాట్యం మంచి సాధనం. బహుశా ఉపన్యాసం కంటే మంచిది. కాని ఎక్కడి పులినో అరువు తెచ్చుకుని, వేదిక మీద చంపి, చప్పట్లు కొట్టించుకుని ఇంటికి పోతే ఏమీ చెప్పినట్టు కాదు. మన ఊరి నేల మీద ఏది పోతోందో దాని పేరు పెట్టి ఆడాలి. అది పోతున్న చోటనే ఆడాలి. ఆడినాక, చూసినవాళ్ల చేతికి ఒక పని అప్పగించి రావాలి. ఈ మూడూ వుంటే అది ఉద్యమం. లేకపోతే వార్షికోత్సవంలో మరో అంశం, అంతే.

సైన్సు చెప్పే నా తోటి మిత్రులు కొందరు నవ్వుతారని నాకు తెలుసు. "డాన్సు చేస్తే పిట్టలు పెరుగుతాయా? లెక్కలు చెప్పండి, కారణాలు చెప్పండి" అంటారు. లెక్కలు నేనూ చెబుతూనే వున్నాను. దాదాపు పది లక్షల జాతుల మొక్కలూ, జంతువులూ అంతరించే ప్రమాదంలో వున్నాయని 2019లో అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల బృందం ఒక నివేదికలో తేల్చింది. ఈ సంఖ్యను ఏటా క్లాసులో చెబుతాను. పిల్లలు శ్రద్ధగా రాసుకుంటారు. పరీక్షలో తప్పు లేకుండా రాస్తారు కూడా. కాని ఆ పది లక్షల్లో ఒక్కదాని కోసమైనా ఎవరూ దిగులుపడగా నేను చూడలేదు. సంఖ్య తలకెక్కుతుంది గాని మనసుకెక్కదు. మనసుకెక్కించే పని మన దేశంలో మొదటి నుంచీ ఆటాపాటలదే.

ఈ మాట ఉమ్మడి నల్లగొండ జిల్లా వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. 1943లో ప్రజానాట్యమండలి పుట్టింది. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో మన జిల్లా వాడే సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల్ని పోరాటానికి పనిముట్టుగా మలుచుకున్నాడు. గొంగడి భుజాన వేసుకుని, కర్ర పట్టుకుని, గొర్లకాపరి వేషంలో చెప్పిన మాట వెట్టిచాకిరీ చేసే మనిషికి సూటిగా తగిలింది. ఎందుకు తగిలింది? వేషం ఆ జనానిది. కష్టం ఆ జనానిది. చెప్పిన పని కూడా ఫలానా అని తెలిసిన పని. "దొరకు వెట్టి చెయ్యొద్దు" అన్నారు గాని "అన్యాయాన్ని అరికడదాం" అని గాలిలో మాటలు వదిలి పోలేదు. మన పర్యావరణ నృత్యాల్లో లోపించేది సరిగ్గా ఇదే. "ప్రకృతిని కాపాడుదాం" అంటే ఎవరు కాపాడాలి? ఎక్కడ? ఏం చేసి? హాల్లోంచి బయటికొచ్చిన మనిషిని అడిగితే జవాబు వుండదు.

మన కళాశాలలో శాస్త్రీయ నృత్యం నేర్చుకుంటున్న పిల్లలు కొందరున్నారు. వాళ్లకు ఒక మాట. నందికేశ్వరుడి అభినయదర్పణంలో హస్తాల పేర్లు ఒకసారి వరసగా చదవండి. మయూరం, శుకతుండం, మృగశీర్షం, సింహముఖం, సర్పశీర్షం, భ్రమరం, హంసాస్యం, తామ్రచూడం, పద్మకోశం. రెండు చేతులూ కలిస్తే మత్స్యం, కూర్మం, వరాహం, గరుడం. పూలు కోస్తున్నట్టు చూపటానికి కటకాముఖం. కూచిపూడిలో సింహనందిని అని ఒకటుంది, నర్తకి తాళానికి అడుగులు వేస్తూనే కాళ్లతో సింహం బొమ్మ గీస్తుంది. మన పెద్దలు ఒక అడవినీ, ఒక చెరువునీ చేతివేళ్లలో, కాలివేళ్లలో పెట్టి మనకిచ్చారు. ఆ పేర్లు పెట్టినవాళ్లు ఆ ప్రాణుల్ని రోజూ చూసినవాళ్లు. మన పిల్లలు భ్రమరహస్తం పట్టటం ముందు నేర్చుకుంటున్నారు, తుమ్మెదను చూడటం తరవాత సంగతి. ఒక్క సంవత్సరం మీ సాధనలో ఈ నియమం పెట్టుకుని చూడండి: ఏ ప్రాణి హస్తం పడుతున్నామో ఆ ప్రాణిని మన తాలూకాలో ఎక్కడో ఒక చోట చూసి రావాలి. చూడలేకపోయిన వాటి జాబితా ఒకటి తయారవుతుంది. మీ నృత్యరూపకానికి అంతకంటే మంచి కథావస్తువు ఎక్కడ దొరుకుతుంది?

"కళలు కూడా అంతరిస్తున్నాయి గదా, వాటి గురించి ఎవరూ మాట్లాడరేం?" అని ఒకరు అడిగారు. నిజమే. కాని కళకూ ప్రాణికీ ఒక తేడా వుంది. పోయిన కళ ఒక్కోసారి తిరిగి వస్తుంది. కాకతీయుల నాటి పేరిణి అలాగే వచ్చింది. జాయపసేనాని 13వ శతాబ్దంలో రాసిన నృత్తరత్నావళినీ, రామప్ప గుడి శిల్పాల్నీ ఆధారం చేసుకుని నటరాజ రామకృష్ణగారు పేరిణిని మళ్లీ వేదిక మీద నిలబెట్టారు. రాతిలో నిలిచిన భంగిమను మనిషి మళ్లీ తన ఒంటి మీదికి తెచ్చుకోగలడు. ప్రాణి అలా రాదు. కలివికోడి కథ చూడండి. 1848లో జెర్డన్ అనే ఆంగ్లేయ వైద్యుడు లోకానికి తెలియజేసిన పిట్ట అది. 1900 తరవాత ఎవరికీ కనబడక, అంతరించిందనే అనుకున్నారు. 1986లో కడప జిల్లాలో ఒక పల్లెటూరి వేటగాడి సాయంతో మళ్లీ దొరికింది. ఆ ముళ్లపొదల్లో ఎక్కడో కొన్ని మిగిలి వున్నాయి గనక దొరికింది. ఒక్కటీ మిగలకపోతే ఏ గ్రంథం చూసి, ఏ శిల్పం చూసి లేపుతాం?

ఇక మా ఊరి సంగతికి వస్తాను. మాది అనంతగిరి. అనంతగిరి అనగానే కొందరు వికారాబాదు కొండలంటారు, కొందరు అరకు దారంటారు. ఆ రెండూ కాదు. కోదాడ పక్కన, వరిచేల నడుమ వుండే అనంతగిరి. 2016లో మండలం కూడా అయింది.

మా చిన్నప్పుడు ఎంగిలిపూల బతుకమ్మ మొదలు సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులూ ఇంట్లో మగపిల్లలకు పొద్దున్నే ఒక పని వుండేది, గునుగూ తంగేడూ కోసుకురావటం. గునుగు కోసం దూరం పోనక్కర్లేదు. జొన్నచేలో, కందిచేలో, పల్లిచేలో కలుపుగా లేచేది అదే. తంగేడు బంజరు మీదా, డొంకదారి పక్కనా పూసేది. బీరపువ్వు, గుమ్మడిపువ్వు దొడ్లోవి. తామర చెరువులోది. అంటే ఒక్క బతుకమ్మను పేర్చాలంటే చెలక బతికి వుండాలి, బంజరు బతికి వుండాలి, దొడ్డి బతికి వుండాలి, చెరువు బతికి వుండాలి. వీటిలో ఏది చచ్చినా తాంబాళంలో ఒక వరస తగ్గుతుంది. ఆవాసాలు అని నేను మూడు పీరియడ్లు చెప్పే పాఠం మా అమ్మ అరగంటలో పేర్చి చూపేది! ఆమెకు ఆ మాట తెలియదు, అంతే.

ఆ ఆటకు వేదిక లేదు, తెర లేదు. చూసేవాళ్లు వేరు, ఆడేవాళ్లు వేరు అనే తేడా కూడా లేదు. అత్తలు, వదినెలు, కొత్తకోడళ్లు, బళ్లోకి పోయే పిల్లలు, అందరూ చప్పట్లు కొట్టుకుంటూ ఆ పూల చుట్టూ తిరగటమే. ముందు పువ్వు, తరవాత ఆట. మా వైపు తండాల్లో లంబాడా ఆడపిల్లల తీజ్ కూడా ఇలాంటిదే. గోధుమ గింజల్ని బుట్టల్లో మొలకెత్తించి, తొమ్మిది రోజులు ఆడిపాడి, ఆ మొలకల్ని నీళ్లలో కలుపుతారు. జీవవైవిధ్యం గురించి నాట్యం చెయ్యటం కొత్త ఆలోచన అనుకునేవాళ్లు ఈ రెండింటినీ ఒకసారి దగ్గరగా చూడాలి.

2012 అక్టోబరులో హైదరాబాదులో ప్రపంచ దేశాల జీవవైవిధ్య సదస్సు జరిగింది. ఆ ఏడు దసరా 24వ తేదీన వచ్చింది. సదస్సు ముగిసే 19వ తేదీ నాటికి పల్లెల్లో బతుకమ్మ ఆటలు సాగుతున్నాయి. లోపల ప్రతినిధులు ఒడంబడికల్లో కామాలూ ఫుల్‌స్టాపులూ సరిచూసుకుంటుంటే, బయట అదే విషయాన్ని ఆడవాళ్లు తాంబాళంలో పేర్చుకుని ఆడుకుంటున్నారు. ఈ రెండూ ఒకే సంగతి అని ఏ పాఠ్యపుస్తకమూ మాకు చెప్పలేదు.

మరి ఇప్పుడు ఎలా వుంది? ఆడేవాళ్లు తగ్గలేదు. 2014లో రాష్ట్ర పండుగ అయినాక ఇంకా పెరిగారు. మైకులొచ్చాయి, లైట్లొచ్చాయి, డీజేలొచ్చాయి. పూలే దొరకటం లేదు. మా మేనత్త అన్న మాట రాస్తాను: "చేన్లకు గడ్డిమందు కొట్టినంక గునుగు యాడుంటది బిడ్డా? కోదాడ పొయ్యి కొనుక్కరావాలె." కలుపుమొక్కను కొనుక్కునే రోజు వచ్చింది. కొనలేనివాళ్లు కాగితం పూలతో పేరుస్తున్నారు. ఇంకో పదేళ్లకు, గునుగు ఎలా వుంటుందో తెలియకుండా బతుకమ్మ ఆడే పిల్లలు మన క్లాసుల్లో కూర్చుంటారు.

ఎందుకిలా అయింది? ఇక్కడ కొంచెం నిజాయితీగా మాట్లాడుకోవాలి. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమకాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల్ని తడిపింది. జొన్నరొట్టె తిన్న ఇళ్లల్లో వరన్నం ఉడికింది. మిర్యాలగూడ రైసుమిల్లుల ఊరయింది. నన్ను చదివించింది ఆ వడ్లే. అన్నం తింటూ నీళ్లను తిట్టటం నాకు చేతకాదు. కాని జొన్న, కంది, పెసర, నువ్వు కలిసి వున్న చోట ఒక్క వరే నిలిచినప్పుడు, వాటితోపాటు బతికే గడ్డీగాదం, పురుగూపుట్రా, పిట్టా కూడా తప్పుకుంటాయి. ఆ పైన కలుపుతీతకు కూలీలు దొరకరు. దొరికితే కూలి గిట్టదు. రైతు గడ్డిమందు డబ్బా తెచ్చుకుంటాడు. ఆ రైతును గొడ్డలి పట్టుకున్న రాక్షసుడుగా వేదిక మీద చూపించటం అన్యాయం. అతను మన నాన్న. మీ నృత్యరూపకంలో రాక్షస వేషం వేసే కుర్రాడి ఫీజు కూడా ఆయనే కట్టాడు. అతనికి ఏ ఇబ్బంది వచ్చి ఆ డబ్బా పట్టుకున్నాడో చూపించలేని నాటకం ఊళ్లో ఒక్క పూట కూడా నిలవదు. ముందు వరసలో కూర్చున్న పెద్దమనిషి లేచి "మరి కలుపు నువ్వొచ్చి తీస్తావా?" అంటే మన దగ్గర జవాబు వుండాలి గదా!

ఒక తెలివైన విద్యార్థి ఇంకో ప్రశ్న వెయ్యవచ్చు. "మేడమ్, నాట్యం అందమైన వాటికే గదా? నెమలికి ఆడతాం. వానపాముకూ, పేడపురుగుకూ ఎవరు ఆడతారు?" మంచి ప్రశ్నే. కాని మన పల్లెలు కప్పకు కూడా ఆడాయి. వానలు పడని ఏడు రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, "కప్పతల్లి" అని ఇల్లిల్లూ తిరిగి ఆడిపాడి దాని మీద నీళ్లు పోయించారు. కప్పకు అది సుఖమని నేననను. కాని వానకూ కప్పకూ, కప్పకూ పంటకూ సంబంధం వుందని ఊరు గుర్తుపెట్టుకున్న తీరు అది. అదే దేశం తరవాత కప్పకాళ్లను విదేశాలకు ఎగుమతి చేసి డబ్బు చేసుకుంది. పొలంలో పురుగుల్ని తినే ప్రాణిని అమ్ముకుని పురుగుమందు కొనుక్కోవటమే గదా అది! చివరకు 1987లో ఆ ఎగుమతిని నిషేధించారు. కప్పతల్లి ఆటలో ఈ కథను కలిపి చూడండి. నవ్విస్తూనే తగులుతుంది.

రాబందు అంతకంటే వికారమైన పక్షి. అయినా యక్షగానంలోగాని, తోలుబొమ్మలాటలోగాని జటాయువు రెక్క తెగి పడినప్పుడు కళ్లొత్తుకోని అవ్వను నేను చూడలేదు. మన కాలపు జటాయువుల్ని రావణుడు చంపలేదు. పశువులకిచ్చే డైక్లోఫెనాక్ అనే నొప్పిమందు చంపింది. ఆ మందు పడిన పశువు చచ్చినాక దాని మాంసం తిన్న రాబందుకు మూత్రపిండాలు చెడిపోయాయి. 1992 నుంచి పదిహేనేళ్లలో మన దేశంలో తెల్లవీపు రాబందులు నూటికి 99కి పైగా పోయాయి. 2006లో పశువైద్యానికి ఆ మందు వాడకాన్ని నిషేధించారు. మన జిల్లాల్లో చిందు యక్షగానం ఆడే కుటుంబాలు ఇంకా వున్నాయి. వాళ్లతో కూర్చుని మాట్లాడండి. రావణుడి చేతిలో కత్తికి బదులు మందుసీసా పెడితే చాలు, మిగతా కథంతా వాళ్లకు మనకంటే బాగా తెలుసు.

ఇదంతా ఊహ అనుకునేవాళ్లకు ఒక నిజమైన ఉదాహరణ చెబుతాను. జహీరాబాదు దగ్గర పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలవాళ్లు రెండు దశాబ్దాలకు పైగా పాతపంటల జాతర చేస్తూ వచ్చారు. సంక్రాంతికి ఎద్దులబండ్లు అలంకరించి, వాటిలో జొన్నలు, కొర్రలు, సామలు, పప్పుధాన్యాల విత్తనాలు పేర్చి, దాదాపు నెలరోజులు ఊరి నుంచి ఊరికి పోతారు. ఊళ్లోకి బండ్లు రాగానే డప్పులు, పాటలు, ఆటలు. ఆట అయినాక అందరూ కూర్చుని ఏ విత్తనం మీ ఊళ్లో వుంది, ఏది పోయింది అని మాట్లాడుకుంటారు. వాళ్లలో చాలామంది దళిత స్త్రీలు, చిన్నకమతాల రైతులు. ఈ సంఘాలకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వచ్చింది. వాళ్ల బండిలో విత్తనం బొమ్మ లేదు, విత్తనమే వుంది. ఆట చూసి వెళ్లే మనిషి ఆ విత్తనాన్ని చేత్తో పట్టి చూడవచ్చు. నేను మొదట చెప్పిన మూడు షరతులూ ఇక్కడ తీరాయి.

కనక మన విద్యార్థి సంఘానికి నా మనవి ఇది. నృత్యరూపకం వెయ్యండి. కాని హాల్లో మొదలుపెట్టకండి. బతుకమ్మకు ముందు రెండు ఆదివారాలు, ఒక్కో జట్టుకు ఒక్కో ఊరు చొప్పున, కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ వైపు ఊళ్లకు పొండి. ముసలవాళ్ల దగ్గర కూర్చుని, వాళ్లు చిన్నప్పుడు బతుకమ్మలో పేర్చిన పూల పేర్లు, చేలో చూసిన పిట్టల పేర్లు, చెరువులో పట్టిన చేపల పేర్లు రాసుకోండి. అందులో ఇప్పుడు ఏవి వున్నాయో పోయి చూడండి. పాలపిట్టనూ వెతకండి. మన రాష్ట్ర పక్షి గదా! 2023లో వచ్చిన భారతదేశ పక్షుల స్థితి నివేదిక దాని సంఖ్య తగ్గుతోందని హెచ్చరించింది. గుర్తుపట్టటంలో సాయం కావాలంటే మా విభాగం తలుపు తెరిచే వుంటుంది.

ఆ పేర్లతో ఆట కట్టండి. కోలాటం కావచ్చు, గొల్లసుద్దులు కావచ్చు, బతుకమ్మ వరసే కావచ్చు. మొదటి ప్రదర్శన ఆ ఊళ్లోనే, బొడ్రాయి దగ్గరో బడి ముందో ఇవ్వండి. థర్మోకోల్ చెట్లూ, ప్లాస్టిక్ పూలూ, ఫ్లెక్సీలూ వద్దు. దొరకని పువ్వు వున్న చోట తాంబాళంలో ఖాళీ వరస వదిలెయ్యండి. ఆ ఖాళీయే చూసేవాళ్లతో మాట్లాడుతుంది.

ఆట అయినాక రెండే రెండు పనులు అడగండి. ఒకటి: ప్రతి రైతూ తన పొలంలో ఒక్క గట్టుకు దసరా దాకా మందు కొట్టకుండా వదలాలి. పొలమంతా కాదు, ఒక్క గట్టు. దానివల్ల పంటకు వచ్చే నష్టం తక్కువ, గునుగుకూ తుమ్మెదకూ కలిగే మేలు ఎక్కువ. రెండు: 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకూ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ వుండాలి. ఊరి జనంతో కలిసి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు తయారుచెయ్యాలి. మీరు రాసుకొచ్చిన పేర్లను తీసుకుపోయి, పంచాయతీ ఆఫీసులో ఆ రిజిస్టరు తెరిపించి అందులో ఎక్కించండి. లేదంటే ఎందుకు లేదని అడగండి. అడగటం విద్యార్థి సంఘానికి కొత్త పని కాదు గదా!

ఇవన్నీ చేసినాక వార్షికోత్సవం రోజున మన హాల్లో ఆడండి. ఆ ఊరి పెద్దల్ని, ముఖ్యంగా మీకు పేర్లు చెప్పిన అవ్వల్ని తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టండి. అధ్యాపకులం మేం వెనక కూర్చుంటాం. కార్యదర్శి అడిగిన అభిప్రాయం ఇదీ. కార్యవర్గం వారు ఆలోచించి, వచ్చే భాద్రపదం లోపల జట్ల పేర్లు నోటీసుబోర్డు మీద పెడతారని ఆశిస్తున్నాను. మొదటి జట్టు అనంతగిరికి వస్తానంటే నేనూ వస్తాను.